కత్తి పట్టిన చేతికి నీరు ఇచ్చు బాధ్యత ఎవరిది?

మాంసపు దుకాణాల అపరిశుభ్రత గురించి మన పట్టణాలలో ఏటా ఒకటి రెండు పర్యాయాలు గగ్గోలు బయలుదేరును. ఎక్కడనో కొందరు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలైనట్లు వార్త వచ్చును. మరునాడు అధికారులు మందీమార్బలంతో బజారున ప్రత్యక్షమగుదురు. ఈగలు ముసిరిన మాంసం, నెత్తురు మడుగు కట్టిన నేల, నల్లబడిన చెక్కమొద్దు పత్రికలలో బొమ్మలుగా వెలువడును. నాలుగు దుకాణాలకు తాళాలు పడును. నలుగురికి జరిమానాలు విధింపబడును. పక్షం దినాలు గడచునో లేదో మరల అదే బజారు, అదే మొద్దు, అవే ఈగలు. ఇంత తతంగంలోనూ ఒక్క ప్రశ్న మాత్రం ఎవరి నోటనూ వెలువడదు: ఆ దుకాణంలో నీటి కుళాయి ఉన్నదా?

ఆ ప్రశ్నను మేము అడుగుచున్నాము. అడుగుటయే కాదు, మాంసపు బజారులలోని మురికికి ప్రధాన కారణం మాంసం కోయువాని స్వభావం కాదనియు, అతనిచేత పని చేయించుకొనుచు అతనికి నీరు, నేల, తీరిక, వైద్యం, సెలవు నిరాకరించుచున్న వ్యవస్థయే కారణమనియు స్పష్టంగా చెప్పదలచినాము. పరిశుభ్రత అనునది నీతిబోధ కాదు. అది పని పరిస్థితి. పని పరిస్థితి కనుకనే అది కార్మికోద్యమం చేపట్టవలసిన సమస్య.

రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికకు కబేళాలతో ఏమి పని అని కొందరు సభ్యులు అడుగవచ్చును. పని ఉన్నది. రైల్వే కాలనీలలోను, తపాలా క్వార్టర్లలోను ఆదివారంనాడు సంచి పట్టుకొని మాంసపు దుకాణం ముందు నిలబడువారం మనమే. రన్నింగ్ రూములలో, క్యాంటీన్లలో వండి వడ్డించునది తినువారం మనమే. అంతకు మించి, తప్పును పనివాని చేతిపై మోపి పనిపెట్టువాని బాధ్యతను దాచు విద్య ఎట్టిదో మనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఎర్ర సిగ్నలు దాటిన డ్రైవరును సస్పెండు చేయు ఉత్తర్వు ఒక్క పూటలో వచ్చును. అతడు ఎన్ని గంటలుగా నిద్ర లేక డ్యూటీలో ఉన్నాడో తెలుపు కాగితం నెలలు గడచినను వెలికి రాదు. ఉత్తరం ఆలస్యమైనచో పోస్టుమాన్ సోమరి అందురు. రెండు బీట్ల పని ఒక్కనిచే చేయించుచున్న సంగతి ఎవరికీ పట్టదు. కసాయి దుకాణం ముందు నేడు వినిపించుచున్నది అదే పాత పాట.

శుభ్రమైన పనికి ఏమేమి కావలెను?

ఆరోగ్యంగా ఉన్న మేకలో, గొర్రెలో కండ లోపల సామాన్యంగా శుభ్రంగానే ఉండును. మురికి ఉండునది మూడు చోట్ల: పైన తోలు మీద, లోపల ప్రేగులలో, కోయువాని చేతిలోను కత్తిలోను. ఈ మూడింటి మురికి కండకు తగులకుండ చూచుటయే మాంసవృత్తిలోని పరిశుభ్రత. వినుటకు సులభమే. చేయుటకు ఏమేమి కావలెనో చూతము.

జీవాన్ని నేలపై పడవేసి ఒలిచినచో తోలుకు అంటిన పేడ, మట్టి మాంసానికి తగులును. కనుక కొక్కేనికి వ్రేలాడదీసి ఒలువవలెను. దానికి ఎత్తైన కప్పు, బలమైన ఇనుప కమ్మీ కావలెను. ప్రేగులు తీయునప్పుడు కత్తి మొన తగిలి చిట్లినచో లోపలి మలం మాంసమంతట ప్రాకును. కనుక చివరలు ముడివేసి నెమ్మదిగా తీయవలెను. దానికి వెలుతురు, తీరిక కావలెను. తోలు ఒలిచిన కత్తితోనే కండ కోయరాదు. ఒక కత్తి వాడుకలో ఉండగా మరొకటి వేడినీటిలో ఉండవలెను. ఆ నీరు 82 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగా ఉండవలెనని అనేక దేశాల కబేళాలలో ప్రమాణం. దానికి నీళ్ళు కాచు ఏర్పాటు, ఇంధనం కావలెను. నెత్తురు నిలువక కాలువలోనికి పోవలెను. ఆ కాలువ ఎక్కడికో ఒకచోటికి చేరవలెను. దానికి మున్సిపాలిటీవారి మురుగునీటి పారుదల కావలెను. కోసిన మాంసం 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు దిగువన ఉన్నంతసేపు సూక్ష్మజీవులు పెరుగుచునే ఉండును. అనుకూలమైన వేడిలో అరగంటలోపే అవి రెట్టింపు కాగలవు. కనుక మాంసాన్ని చల్లగా ఉంచవలెను. దానికి శీతల పేటిక, విద్యుత్తు కావలెను.

ఇంతవరకు చెప్పిన వాటిలో పనివాని బుద్ధికి సంబంధించినవి ఎన్ని, పెట్టుబడికి సంబంధించినవి ఎన్ని? మొద్దును ప్రతి సాయంత్రం గీకి ఉప్పు చల్లుట, గోళ్ళు తీసికొనుట, మాంసం తాకిన చేతితోనే డబ్బు పుచ్చుకొనకుండుట, చుట్ట బీడీ పని చోట కాల్చకుండుట: ఇవి పనివాని చేతిలో ఉన్నవి. తక్కినవన్నియు స్థలం, నీరు, విద్యుత్తు, పారుదల, సమయం. ఇవి స్థానిక సంస్థల చేతిలోను, పని ఇచ్చువాని చేతిలోను ఉన్నవి. "అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల" అని మనవారు సామెత చెప్పుదురు. అడుసు త్రొక్కుటయే వృత్తియైనవానికి సామెత చెప్పి ప్రయోజనం లేదు; కాలు కడుగుకొనుటకు నీళ్ళు ఇవ్వవలెను.

రోగం మొదట ఎవరిని పట్టును?

అపరిశుభ్రత వలన తినువానికి కలుగు కష్టం గురించి అందరును మాట్లాడుదురు. మన కూర చాలసేపు ఉడుకును. అనేక సూక్ష్మజీవులు ఆ మంటకే నశించును. కాని పచ్చి మాంసాన్ని, పచ్చి నెత్తురును తెల్లవారుజాము నుండి చేతులతో కలియబెట్టువానికి ఏ మంట రక్ష? రోగపు తొలి దెబ్బ అతనిపైననే పడును.

పశువులలో ఈసుడు రోగం అని రైతులు పిలుచునది, వైద్యులు బ్రూసెల్లోసిస్ అనునది, పశువులకు గర్భస్రావం కలిగించు వ్యాధి. రోగపు పశువు గర్భసంచి, మాయ, నెత్తురు తాకినచో చేతి గాయాల ద్వారా, కంటిలో పడు తుంపరల ద్వారా అది మనిషికి సోకును. వచ్చుచు పోవుచు ఉండు జ్వరం, చెమటలు, కీళ్ళ నొప్పులు దాని లక్షణాలు. దానిని టైఫాయిడ్ అనియో మలేరియా అనియో పొరబడి నెలల తరబడి మందులు మ్రింగించుట కలదు. గుర్తించుటకు రక్తపరీక్ష ఉన్నది. నయం చేయుటకు సుమారు ఆరు వారాలు ఒకటికి మించిన మందులు వాడవలెను. ఎలుక జ్వరం అని మనం పిలుచు లెప్టోస్పైరోసిస్ ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీటిలో ఉత్తకాళ్ళతో నిలబడువానిని పట్టును. పొంగిపొరలు కాలువలో మోకాటివరకు దిగి కడుగువాడు ఎవడో చెప్పనక్కరలేదు.

అన్నింటికంటె ఘోరమైనది దొమ్మ రోగం, అనగా ఆంథ్రాక్స్. రోగపు పశువును కోసి ఒలిచినవాని చర్మంపై నొప్పి లేని పుండు లేచి, నడుమ నల్లని పక్కు కట్టును. ఆ సూక్ష్మజీవి బీజాలు మట్టిలో దశాబ్దాల తరబడి జీవించియుండగలవు. కనుకనే దొమ్మతో చచ్చిన పశువును కోయరాదు, లోతుగా పూడ్చవలెను లేదా దహనం చేయవలెను. ఈ సంగతి తెలిసియు పశువును ఎందుకు కోయుచున్నారు? 2010లో బంగ్లాదేశ్‌లోని సిరాజ్‌గంజ్, పాబ్నా ప్రాంతాలలో వందలాది మందికి చర్మపు దొమ్మ సోకినది. జబ్బుపడిన పశువు చచ్చిపోకముందే కోసి మాంసం అమ్ముకొన్నచో పెట్టిన సొమ్ములో కొంతయైనా దక్కునన్న ఆశయే దానికి మూలం. మన విశాఖ మన్యంలోను చచ్చిన జీవాల మాంసం కోసి పంచుకొన్న పేద గిరిజనులకు ఈ రోగం సోకిన సందర్భాలు ఉన్నవి. పశువు చచ్చినచో నష్టపరిహారం దక్కునన్న నమ్మకం ఉన్న రైతు దానిని కోతకు పంపడు. ఇక్కడను సమస్య అజ్ఞానం మాత్రమే కాదు. పేదరికం, పరిహారం లేకపోవుట.

తపాలా సోదరులకు ఆంథ్రాక్స్ అన్న మాట క్రొత్తది కాదు. 2001లో అమెరికాలో ఆంథ్రాక్స్ బీజాలు నింపిన ఉత్తరాలను కొందరు ప్రముఖులకు, పత్రికలకు పంపినారు. 22 మందికి రోగం సోకి, ఐదుగురు మరణించినారు. ఆ ఐదుగురిలో ఇరువురు వాషింగ్టన్‌లోని బ్రెంట్‌వుడ్ తపాలా కేంద్రపు కార్మికులు. చట్టసభ భవనంలో ఉత్తరం తెరువబడిన వెంటనే అక్కడివారికి పరీక్షలు, మందులు అందినవి. ఆ ఉత్తరం నడచివచ్చిన తపాలా కేంద్రంలో మాత్రం మరి కొన్ని దినాలు యథాప్రకారం పని చేయించినారు. సరుకు ఎవరికి చేరునో వారి ప్రాణానికి ఒక విలువ, సరుకును చేతులతో మోయువాని ప్రాణానికి మరొక విలువ. కసాయికిని, మనకును గల బంధుత్వం ఇదియే.

ఈ బంధుత్వాన్ని చట్టం కూడ గుర్తించినది. 1923 నాటి నష్టపరిహార చట్టపు మూడవ షెడ్యూలులో, పశువులను, పశు కళేబరాలను, వాటి భాగాలను, వాటి వలన రోగకారకాలు అంటియుండగల సరుకును ముట్టుకొను పనిలో వచ్చు అంటురోగాలు వృత్తి వ్యాధులుగా చేర్చబడినవి. 2020 సామాజిక భద్రతా స్మృతి షెడ్యూలులోను ఆ అంశం కొనసాగినది. అనగా కబేళాలోని కార్మికునికి ఈసుడు రోగం వచ్చినచో అది అతని ఖర్మ కాదు, పనిలో తగిలిన దెబ్బ. పార్సెలు ఆఫీసులో పచ్చితోళ్ళ మూటలు ఎత్తు హమాలీకి దొమ్మ సోకినను అంతే. కాని రక్తపరీక్ష చేయించువాడు లేడు, రోగం పేరు కాగితంపై వ్రాయువాడు లేడు, యజమాని ఎవరో చూపు నియామక పత్రం లేదు. షెడ్యూలులో హక్కు ఉన్నది. బజారులో ఆ హక్కు అడుగువాడు లేడు.

గాయానికి సెలవు ఏదీ?

చేతికి తెగిన గాయమో, చీము పట్టిన కురుపో ఉన్నవాడు ఆహార పదార్థాన్ని తాకరాదని ఆహార భద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. ఈ నియమం మంచిదే. చీము పట్టిన పుండ్లలో నివసించు ఒక జాతి సూక్ష్మజీవి ఆహారంలో చేరి, ఆ ఆహారం గంటల తరబడి వెచ్చగా నిలువయున్నచో విషాన్ని విడుచును. ఆ విషం ఉడికించినను నశింపదు. కనుక కసాయి చేతి గాయం మన పళ్ళెపు సమస్య కూడ.

అయితే కత్తితో పని చేయువానికి గాయం కాని వారం ఏది? గాయమైనవాడు పని చేయరాదని నిబంధన. పని చేయనివానికి కూలి లేదని బజారు. ఈ రెంటి నడుమ నలిగినవాడు ఏమి చేయును? గాయానికి గుడ్డపీలిక చుట్టుకొని మరల కత్తి పట్టుకొనును. అతనిని తప్పు పట్టువారు, అతనికి ఆ నాలుగు దినాల కూలి ఎవరు ఇచ్చెదరో ముందు చెప్పవలెను.

మన సంగతి చూడుడు. రన్నింగ్ స్టాఫును నియమిత కాలానికి వైద్య పరీక్షకు పంపునది రైల్వేయే. ఖర్చు రైల్వేదే. చూపు తగ్గినవానికి వేరొక పని చూపవలసిన బాధ్యతయు రైల్వేదే. జ్వరం వచ్చినచో సిక్ సర్టిఫికెట్ ఉన్నది, తగ్గినచో ఫిట్ సర్టిఫికెట్ ఉన్నది. ఇవన్నియు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. సంఘం కట్టి పోరాడి సాధించుకొన్నవి. వీటి వలన ఉద్యోగి మాత్రమే బాగుపడలేదు; రైలెక్కిన ప్రయాణికుడు కూడ సురక్షితంగా చేరుచున్నాడు. కార్మికుని సెలవు ప్రజల క్షేమం అని మనం మొదటినుండి చెప్పుచున్న మాట మాంసపు దుకాణం విషయంలో మరింత నిజం. జీతంతో కూడిన సెలవుకు మించిన క్రిమిసంహారిణి లేదు.

"పది" అను అంకె

2001 నాటి కబేళా నియమావళి, దినానికి పది లేక అంతకు మించిన జీవాలను కోయు చోటునే కబేళాగా నిర్వచించినది. ఉద్యోగుల బీమా, అనగా ఈఎస్ఐ, సామాన్యంగా పదిమంది లేక అంతకు మించి పని చేయు సంస్థలకు వర్తించును. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దినానికి పది చిన్న జీవాలకు, లేదా యాభై కోళ్ళకు మించని దుకాణాన్ని చిల్లర వ్యాపారంగా ఎంచి, లైసెన్సు అక్కరలేదు, నమోదు చాలునన్నవి. మూడు చోట్లను అడ్డుగీత పది దగ్గరనే. పది జీవాల లోపు కోయుచు, పదిమంది లోపు పని చేయు దుకాణం ఎటు చూచినను గీతకు ఆవలనే నిలిచినది. మన వీధి చివర ఉన్నది సరిగా ఆ దుకాణమే.

అయితే శిక్ష విషయంలో మాత్రం ఈ గీత అడ్డురాదు. అపరిశుభ్ర పరిస్థితులలో ఆహారం తయారు చేసినవానికి లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చునని 2006 చట్టంలోని 56వ సెక్షను చెప్పుచున్నది. సౌకర్యం కల్పించుటకు చిన్నవాడు, జరిమానా కట్టుటకు మాత్రం పెద్దవాడు! గ్రామీణ డాక్ సేవక్ సోదరులకు ఈ న్యాయం కొత్తగా చెప్పనక్కరలేదు. బాధ్యతలలో తపాలా శాఖ మనిషి, హక్కులలో శాఖకు బయటి మనిషి అను స్థితి ఎట్లుండునో వారు అనుభవించుచునే ఉన్నారు.

దుకాణం వెలుపల మరికొందరు ఉన్నారు. బోటీ కడుగు స్త్రీలు, తలకాయలు కాళ్ళు కాల్చి గీకి ఇచ్చువారు, తోళ్ళు మోయువారు. పొగ వీరి ఊపిరితిత్తులలోనికి, మురుగు వీరి కాళ్ళ పగుళ్ళలోనికి పోవుచున్నది. వీరు ఏ అంకెకూ అందని మనుషులు.

డాక్టరుకు లెక్క ఉన్నది, కూలికి లెక్క లేదు

ఆ 2001 నియమావళిలోనే ఒక మంచి మాట కలదు. పశువైద్యుడు గంటకు 12కు మించి, దినానికి 96కు మించి జీవాలను పరీక్షింపరాదు. అంతకు మించినచో పరీక్ష పేరుకు మాత్రమే మిగులునని చట్టం తలచినది. సరియైన ఆలోచన. ఆ ఆలోచన కత్తి పట్టినవాని దగ్గరకు వచ్చుసరికి ఎందుకు ఆగిపోయినది? ఒక్కొక్క కార్మికుడు గంటకు ఎన్ని జీవాలను కోసి ఒలువవలెనో ఆ నియమావళి చెప్పదు. తలకు ఇంత అని కూలి కట్టు చోట, కత్తిని వేడినీటిలో ముంచిన ప్రతి నిమిషం కార్మికుని జేబు నుండి పోవుచున్నది. చేతులు కడుగుకొన్నచో కూలి తగ్గు ఏర్పాటు చేసి, చేతులు కడుగుకొనుటలేదని నిందించుట ఎంతటి న్యాయం?

ఇది మన దేశపు జాడ్యం మాత్రమే కాదు. 1906లో అప్టన్ సింక్లెయిర్ రచించిన "ది జంగిల్" నవల షికాగో మాంస కర్మాగారాలలోని కార్మికుల దుస్థితిని లోకానికి చూపినది. పాఠకులు కలవరపడినారు, కాని కార్మికుని కొరకు కాదు, తమ భోజనం కొరకు. ఆ సంవత్సరం జూన్ 30న మాంస తనిఖీ చట్టం వచ్చినది. మాంసానికి ఇన్‌స్పెక్టరు వచ్చినాడు. కార్మికుని పని గంటలకు, కూలికి మాత్రం ఆ చట్టంలో చోటు దొరకలేదు.

నూరేళ్ళు దాటిన పిదప, 2020 జూన్‌లో, జర్మనీలోని గ్యుటర్స్‌లో జిల్లా మాంస కర్మాగారం ఒకదానిలో 1,500 మందికి పైగా కార్మికులకు కరోనా సోకినది. అంతటి ఆధునిక యంత్రాలు, అంతటి శుభ్రమైన గోడలు ఉన్నచోట ఇది ఎట్లు జరిగినది? రొమేనియా, బల్గేరియా, పోలండు దేశాల నుండి కాంట్రాక్టరుల ద్వారా తెచ్చిన కూలీలను ఇరుకు గదులలో కుక్కి, భుజం భుజం రాసుకొనునట్లు నిలబెట్టి పని చేయించినందున జరిగినది. ఈసారి అక్కడి ప్రభుత్వం గోడలకు సున్నం కొట్టి ఊరకొనలేదు. మాంస పరిశ్రమలో కోత, ఖండన పనులను బయటి కాంట్రాక్టరుకు ఇచ్చుట 2021 జనవరి 1 నుండి నిషేధించినది. యాజమాన్యమే కార్మికుని స్వయంగా నియమించుకొనవలెనన్నది. ఉద్యోగ భద్రత కూడ ఆరోగ్య సూత్రమే అని ఒప్పుకొనుటకు ఒక సంపన్న దేశానికి అంతకాలం పట్టినది. మనం అంతకాలం ఆగవలెనా?

తాళాలు, దూషణలు

కబేళాల నియంత్రణ 74వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన పన్నెండవ షెడ్యూలులో 18వ అంశం. పట్టణ స్థానిక సంస్థల విధులలో అది ఒకటి. విధిని నిర్వర్తింపనివాడు తాళం చేత పట్టుకొని వచ్చుట మన దేశంలో చూచుచున్న వింత. 2017 మార్చిలో ఉత్తరప్రదేశ్‌లో లైసెన్సులు లేవను కారణంపై కబేళాలు, మాంసపు దుకాణాలు పెద్ద సంఖ్యలో మూయించినారు. ఆ మే నెలలో అలహాబాదు హైకోర్టు లక్నో బెంచి, లైసెన్సుల దరఖాస్తులను పరిశీలించవలెననియు, కబేళా సౌకర్యం కల్పించుట స్థానిక సంస్థల బాధ్యత అనియు ప్రభుత్వానికి గుర్తు చేయవలసి వచ్చినది. సర్కారు కట్టవలసిన కబేళా కట్టక, కబేళాలో కోయలేదని దుకాణదారుని శిక్షించుట ఏ ధర్మం?

ఎగుమతి సంగతి చూడుడు. గేదె మాంసం ఎగుమతిలో మన దేశం ప్రపంచంలో ముందు వరుసలో ఉన్నది. విదేశాలకు పోవు మాంసం రిజిస్టరైన ఆధునిక కబేళాల నుండియే పోవలెను. అక్కడ శీతల గిడ్డంగులు, తనిఖీలు, వేడినీళ్ళు అన్నియు ఉండవలెను. అనగా ఎట్లు చేయవలెనో మనకు తెలియక కాదు. విదేశీయుని పళ్ళేనికి ఒక ప్రమాణం, స్వదేశీయుని పళ్ళేనికి మరొక ప్రమాణం.

దూషణ సంగతి కూడ చెప్పవలెను. కరుణ లేనివానిని "కసాయి" అని తిట్టు అలవాటు మన భాషలో పాతుకొనిపోయినది. "గొర్రె కసాయివానినే నమ్మును" అని సామెత. మాంసం కావలెను, మాంసం కోయువాడు మాత్రం నీచుడు! పారిశుధ్య కార్మికుని విషయంలోను, చర్మకారుని విషయంలోను జరిగినదియే ఇక్కడను జరుగుచున్నది. మురికి పని చేయించుకొని, ఆ మురికిని మనిషికే అంటగట్టి, పిమ్మట దానిని అతని కులానికో మతానికో ముడిపెట్టుచున్నారు. ఆరోగ్యం పేరిట ద్వేషం అమ్ముకొనువారికి మా సంఘాల వేదికపై చోటు లేదు.

"వారు మారరు" అనువారికి

కుళాయి వేసినను వారు చేతులు కడుగరని కొందరు పెద్దమనుషులు అందురు. కుళాయి వేసి చూచిన పిదప ఆ మాట అనుడు. అయినను ఈ ఆక్షేపణలో సత్యం బొత్తిగా లేదని మేము అనము. అలవాటు బలమైనది. నీరు ఉన్నచోట కూడ ఒకే తొట్టిలో దినమంతయు కత్తి కడుగువారు, ముద్ర లేని మాంసం అమ్మువారు, జబ్బు జీవాన్ని చవుకగా కొని కోయువారు ఉన్నారు. జబ్బు జీవాన్ని తెలిసి కోసి అమ్మువాడు ప్రజాద్రోహి. అట్టివానిని ఏ సంఘమూ వెనుక వేసికొనరాదు. హక్కు అడుగు నోటితోనే బాధ్యతను ఒప్పుకొనుట కార్మికోద్యమపు గౌరవం. శిక్షణ ఇవ్వవలెను, తనిఖీ ఉండవలెను, తనిఖీ చేయువాడు మామూలు పుచ్చుకొని పోకుండ చూడవలెను. అయితే వరుస తప్పరాదు: మొదట నీరు, పిదప శిక్షణ, అటుపిమ్మట శిక్ష. నేడు అమలగుచున్నది తలక్రిందుల వరుస.

మన కోర్కెలు, మన కర్తవ్యం

సమాఖ్య తరఫున మేము ఈ క్రింది కోర్కెలను ముందుంచుచున్నాము.

1. ప్రతి పట్టణంలో జనసంఖ్యకు తగిన ప్రజా కబేళా ఉండవలెను. అందులో నీరు, వేడినీరు, విద్యుత్తు, మురుగు పారుదల, మరుగుదొడ్డి, స్నానపు గది ఉండవలెను. నిర్వహణను కాంట్రాక్టరుకు వేలం వేయరాదు.

2. మాంసం అమ్ము ప్రతి బజారులో కుళాయి, కాలువ, చెత్త తరలింపు స్థానిక సంస్థయే కల్పించవలెను. అవి కల్పించకముందు అపరిశుభ్రత పేరిట జరిమానా విధింపరాదు.

3. మాంసవృత్తి కార్మికులకు ఏటేటా జరుగవలసిన వైద్య పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా జరుగవలెను. అందులో ఈసుడు రోగపు రక్తపరీక్ష చేర్చవలెను. పరీక్ష దినానికి కూలి ఇవ్వవలెను.

4. గాయానికి, అంటురోగానికి జీతంతో కూడిన సెలవు ఉండవలెను. భవన నిర్మాణ కార్మికులకు 1996 చట్టాల ద్వారా సెస్సుతో సంక్షేమ నిధి ఏర్పడినది. అదే రీతిగా పెద్ద కబేళాల నుండి, ఎగుమతిదారుల నుండి సెస్సు వసూలు చేసి ఈ వృత్తికి నిధి ఏర్పరచవలెను.

5. పదిమంది అను గీతను తొలగించి, బోటీ కడుగు స్త్రీతో సహా ఈ వృత్తిలోని ప్రతి ఒక్కరికి ఈఎస్ఐ వర్తింపజేయవలెను.

6. కబేళాలలో తలకు ఇంత అను కూలి పద్ధతి రద్దు చేసి, దినవేతనం నిర్ణయించవలెను.

7. రోగపు పశువును పూడ్చివేసిన రైతుకు వెంటనే పరిహారం ఇవ్వవలెను.

ఇక మన శాఖలు చేయదగిన పని. ప్రతి రైల్వే కాలనీ శాఖ తన పరిధిలోని మాంసపు దుకాణాలకు నీరు, పారుదల ఉన్నదో లేదో విచారించి, లేనిచోట రైల్వే పరిపాలనకు, మున్సిపాలిటీకి వినతిపత్రం ఇవ్వవలెను. స్టేషను ఆవరణలలోను, రన్నింగ్ రూములలోను మాంసం ఎక్కడి నుండి వచ్చుచున్నదో, ముద్ర ఉన్నదో లేదో అడుగవలెను. వండువారు కాంట్రాక్టు కార్మికులైనచో వారి వైద్య పరీక్షకు, సెలవుకు పూచీ ఎవరో నిలదీయవలెను. పార్సెలు, గూడ్సు కార్మికులు పచ్చితోళ్ళు మోయుచోట చేతితొడుగులు, సబ్బు కోరవలెను. తపాలా శాఖలు తమ ఊరి మాంసవృత్తివారిని సంఘంగా కూర్చుటకు చేయూతనీయవలెను. దరఖాస్తు వ్రాయు చేయి, కార్యాలయపు త్రోవ తెలిసిన కాలు మనకు ఉన్నవి, వారికి లేవు. ఇంటి వద్ద కొనువారముగా కూడ మన బాధ్యత కొంత కలదు. మాంసాన్ని పాత వార్తాపత్రికలో చుట్టి ఇమ్మనకుడు; మూత గల గిన్నె తీసికొనిపొండు. వీలైనచోట డబ్బును సెల్‌ఫోను ద్వారా చెల్లించి, మాంసం పట్టిన చేతికి నోట్లు తగులకుండ చూడుడు. ముద్ర అడుగుడు. అడుగునప్పుడు మర్యాదగా అడుగుడు. మీ ముందు ఉన్నవాడు ముద్దాయి కాదు, కార్మికుడు.

తాళాల వలన బజారు శుభ్రపడునట్లయితే ఈ దేశంలో ఏనాడో శుభ్రపడియుండెడిది. కుళాయి, కాలువ, కూలి, సెలవు ఈ నాలుగును కసాయి దుకాణానికి చేరిననాడు ఈగలు వాటంతట అవియే తగ్గును. ఆ నాలుగింటిని చేర్చు పోరాటంలో రైల్వే, తపాలా ఉద్యోగులు ముందు నిలువవలెనని మేము పిలుపునిచ్చుచున్నాము.